ఆదివారం నడక గ్రూపు: కోటకైతే కళ్లు మూసుకుని పోవచ్చు, బస్సు ట్రిప్పుకు మాత్రం ఒకటి అడిగి పోండి

పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై రెండేళ్లు కూర్చుని రిటైరైన దాన్ని. షుగరు వచ్చింది, మోకాళ్లు పట్టేశాయి, డాక్టరేమో రోజూ నడవమన్నాడు. హనుమకొండ పబ్లిక్ గార్డెన్లో ఒక్కదాన్నే చుట్లు కొడుతుంటే నాలుగు రోజులకే విసుగొచ్చింది. అప్పుడు మా ఎదురింటి కోడలు నన్ను ఈ గ్రూపులో వేసింది. ఆర్నెల్లయింది. పదకొండు నడకలు, రెండు బస్సు ట్రిప్పులు అయ్యాయి కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

ఆదివారం నడకలకు పైసా తీసుకోరు. అన్నిట్లో నాకు నచ్చింది కోట నడక. నలభై ఏళ్లుగా వరంగల్‌లో ఉంటూ, కోటంటే చుట్టాలొచ్చినప్పుడు తోరణాల ముందు ఫొటో దిగే చోటనే అనుకున్నా. వీళ్లు పొద్దున ఆరింటికి మట్టికోట దగ్గర మొదలుపెట్టారు. ముందు మట్టి కట్ట, తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట. రాతి దర్వాజలోంచి నేరుగా లోపలికి పోలేం, పక్కకు మళ్లాలి. దూసుకొచ్చే శత్రువు వేగం అక్కడే తగ్గిపోవాలని అట్లా కట్టారని నడిపించే తమ్ముడు చెప్పాడు. నేను ఆ మలుపులో ఆటోలో ఎన్నిసార్లు పోయానో! హారన్ కొట్టడానికే ఆ మలుపు ఉందనుకున్నా ఇన్నాళ్లూ.

ఖుష్ మహల్ లోపలికి అడుగుపెడితే చల్లగా ఉంది. గోడలు లోపలివైపు వాలి ఉంటాయని ఆ రోజే గమనించా. ఏకశిల గుట్ట మాత్రం ఎక్కలేదు. నాలాంటి మోకాళ్ల వాళ్లం ముగ్గురం కిందే కూర్చుని చాయ్ తాగాం, ఎవరూ ఏమీ అనలేదు. ఈ గ్రూపులో మెచ్చుకోవాల్సింది అదే. అందరికన్నా వెనక నడిచేవాళ్ల కోసం ఒకరు ఎప్పుడూ వెంట ఉంటారు. నాకు తోడుగా వచ్చిన పిల్ల "తొందరేం లేదు పెద్దమ్మా, మెల్లగ రా, వాళ్లు ఆగుతరు" అంది. నిజంగానే ఆగారు.

వేయిస్తంభాల గుడి నుంచి పద్మాక్షి గుట్టకు నడక అంత బాగా రాలేదు. గుట్ట మీద జైనుల శిల్పాలు చూడాల్సినవే కానీ, దారి పొడుగునా బండ్ల మధ్య నడవడమే సరిపోయింది.

ఇక బస్సు ట్రిప్పు. మొదటిది రామప్ప గుడి, ఘనపూర్ కోటగుళ్లు, లక్నవరం చెరువు, మూడూ ఒక్క రోజులో. టిఫిన్, భోజనంతో కలిపి మనిషికి ఎనిమిది వందలు. ఆరున్నరకని చెప్పిన బస్సు ఒక్క కుటుంబం కోసం ఏడూ నలభైకి కదిలింది. రామప్ప దాదాపు 70 కిలోమీటర్లు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, చెక్కిన శిల్పి పేరుతోనే పిలుచుకుంటున్న గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి. దానికి మాకిచ్చింది యాభై నిమిషాలు! అందులో ఇరవై నిమిషాలు గ్రూపు ఫొటోకే పోయాయి. గుడి చుట్టూ కింద బారులు తీరిన ఏనుగులను ఒక్కొక్కటిగా చూసుకుంటూ ఒక పక్క కూడా పూర్తి చేయలేదు, ఈలోపు విజిల్. నల్లరాతి నాట్యకత్తెలను మెడ ఎత్తి చూసింది రెండు నిమిషాలు. కోటగుళ్ల దగ్గర బస్సు దిగామో లేదో మళ్లీ ఎక్కాం.

భోజనం మూడింటికి, లక్నవరంలో. రెండున్నరకే నాకు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. సంచీలో పొద్దున చేసుకున్న సర్వపిండి ముక్క ఉంది కాబట్టి బతికిపోయా. వేలాడే వంతెన మీద అందరూ కేరింతలు కొడుతుంటే నేను ఒడ్డున బెంచీ మీద కూర్చున్నా. ఆ రాత్రే గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టా, కోపంగానే పెట్టా. షుగరున్న వాళ్లను తీసుకుపోతూ అన్నం మూడింటికి పెడతారా అని. ఆడవాళ్లకు దారిలో బాత్రూం కోసం ఎక్కడ ఆపుతారో ముందే చెప్పండని కూడా రాశా.

గొణుక్కుంటారేమో అనుకున్నా. లేదు, రెండో ట్రిప్పు పాకాల ఒక్కటే పెట్టారు. నర్సంపేటలో బాత్రూం కోసం ఆపుతామని ముందే చెప్పి ఆపారు. గణపతిదేవుడి కాలం నాటి ఆ చెరువు కట్ట మీద రెండు గంటలు నడిచాం, పన్నెండున్నరకే అన్నం పెట్టారు. పప్పుచారులో ఉప్పు ఎక్కువైంది, అది వేరే సంగతి.

అందుకే ట్రిప్పుకు పేరు రాయించుకునే ముందు ఎన్ని చోట్లకు తీసుకుపోతారో అడగండి. ఒకటంటే డబ్బులు కట్టండి, రెండంటే తినడానికేమన్నా సంచీలో పెట్టుకోండి. మూడంటే నేనైతే ఇంట్లోనే ఉంటా. రామప్పకు మాత్రం వచ్చే నెల నేనూ ఎదురింటి కోడలూ ఆర్టీసీ బస్సులో పోతున్నాం, ఏనుగులు ఇంకా మూడు పక్కలు మిగిలే ఉన్నాయి.