చలికి మొండికేసే పాత పికప్: బ్యాటరీ మార్చడం మేలా, హీటర్ ప్లగ్గులు మార్చడం మేలా?

డిసెంబరు, జనవరి నెలల్లో కోరాపుట్ జిల్లా కొండల మీద, ముఖ్యంగా సెమిలిగూడ, కుందులి, పొట్టంగి చుట్టుపక్కల, రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. కూరగాయల కోసం సాలూరు వైపు నుంచి ఘాట్ ఎక్కి రాత్రికి అక్కడే ఆగిన పాత పికప్‌లు తెల్లవారుజామున మొండికేసేది ఈ రోజుల్లోనే. కింద ఒక్క సెల్ఫ్‌కే అందుకునే బండి పైన ఎంత తిప్పినా అందుకోదు. అప్పుడు చుట్టూ చేరినవాళ్లలో సగం మంది బ్యాటరీ మార్చమంటారు, సగం మంది హీటర్ ప్లగ్గులు (ఇంజన్ లేచేముందు లోపల వేడి పుట్టించేవి) మార్చమంటారు. బ్యాటరీ అంటే వేలల్లో ఖర్చు, ప్లగ్గు అంటే వందల్లో. అయినా చవకని ప్లగ్గులతో మొదలుపెట్టడం, ఖరీదైనదే మంచిదని బ్యాటరీ కొనెయ్యడం, రెండూ తప్పే.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే వేడి పోవడానికి, అరిగిన రింగుల పక్కనుంచి గాలి జారిపోవడానికి ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది. చలికి బ్యాటరీ బలం తగ్గేదీ, ఇంజనాయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి బరువయ్యేదీ సరిగ్గా అప్పుడే.

అందుకే ముందు సెల్ఫ్ శబ్దం వినండి, సైలెన్సర్ చూడండి. సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతూ, మీటర్ బోర్డు లైట్లు మసకబారుతుంటే లోపం బ్యాటరీలోనో, వైర్లలోనో, సెల్ఫ్ మోటారులోనో ఉంది. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ తెల్ల పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండడం లేదు. అనుమానం ప్లగ్గుల మీద. చురుగ్గా తిరిగినా పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. అప్పుడు బ్యాటరీ మార్చినా, ప్లగ్గులు మార్చినా డబ్బు దండగ.

బ్యాటరీని నిందించేముందు రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 అంటే దాదాపు ఖాళీ. ఈ అంకె ఒక్కటే చాలదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంతకు పడుతోందన్నది అసలు పరీక్ష. 9.6 దగ్గర నిలబడితే ఆ బ్యాటరీని నమ్మవచ్చు. నిండా చార్జి చేశాక కూడా 9 కిందికి కూలిపోతుంటే, సెల్ఫ్ మోటారు ఎక్కడా పట్టేయడం లేదని తేలితే, అప్పుడు మార్చాలి. నీళ్లు పోసే రకమైతే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్‌లో యాసిడ్ సాంద్రత చూడండి. నిండు చార్జిలో 1.265 దాటాలి. అయిదు సెళ్లు బాగుండి ఒక్కటి మాత్రం 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయినట్టే. యాసిడ్ కలిపి పైకి తేవాలని చూడకండి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇంజన్ నడుస్తుండగా టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.4 రాకపోతే లోపం బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌ది. కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజుల్లో పడుకుంటుంది.

పాత పికప్‌లలో ఎక్కువమంది వదిలేసేది ఎర్త్ వైరు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మీటరు పెడితే 0.2, మహా అయితే 0.3 వోల్టు మించకూడదు. పాజిటివ్ నుంచి సెల్ఫ్ వరకు 0.5 లోపు ఉండాలి. మించితే టెర్మినళ్ల బూజు వేడినీళ్లతో కడిగి, వైరు చివర్లూ అది కూర్చునే ఇనుమూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి వేజలీన్ రాయండి. బ్యాటరీ పోయిందని తేల్చేసిన బళ్లు ఈ పనికే లేచే సందర్భాలు తక్కువేం కాదు.

ఇక హీటర్ ప్లగ్గులు. అన్ని బళ్లకూ ఇవి ఒకేలా అవసరం కాదు. టాటా ఏస్‌లోని 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్‌లాంటి వాటిలో డీజిల్ ముందు చిన్న గదిలో (ప్రీ-చాంబర్) పడుతుంది. ఆ గది గోడలు వేడిని తాగేస్తాయి కాబట్టి ప్లగ్గు లేకుండా చలిలో లేవడం కష్టం. రెండిట్లో ఒకటి కాలిపోతే ఇంజన్ ఒక సిలిండర్ మీద వణుకుతూ, తెల్ల పొగ కక్కుతూ, కాసేపటికి సర్దుకుంటుంది. డీఐ ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది; పాతవాటిలో కొన్నిటికి ప్లగ్గులే ఉండవు. మీ బండికి ఉన్నాయో లేదో డీజిల్ చిమ్మే నాజిళ్ల పక్కన ఇంజన్ హెడ్ మీద చూసుకోండి.

మీటర్ బోర్డు మీద తీగచుట్ట గుర్తు లైటు వెలిగి ఆరిందంటే ప్లగ్గులు బాగున్నాయని అర్థం కాదు. చాలా పాత బళ్లలో ఆ లైటు టైమర్ మాట వింటుంది, ప్లగ్గు మాట కాదు. ప్లగ్గుల్ని కలిపే పట్టీ విప్పి, టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస పట్టీ విప్పిన చోట ప్లగ్గు మొనకి పెట్టండి. వెలిగితే ప్లగ్గులో తీగ తెగలేదు, వెలగకపోతే పోయింది. అన్నీ బాగున్నా వేడెక్కకపోతే తాళం తిప్పాక పట్టీ దగ్గర 11 వోల్టులైనా వస్తోందో చూడండి. రాకపోతే రిలే గానీ ఫ్యూజు గానీ పోయింది. విప్పేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాలి. మొండిగా తిప్పితే ప్లగ్గు లోపలే విరిగి హెడ్ దించాల్సి వస్తుంది. కొనేది పాత దాని పార్ట్ నంబరు చూసి, సెట్టుగా కొనండి.

రెండూ అనుమానంగా ఉంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒక్కో ప్లగ్గు సుమారు పది ఆంపియర్లు లాగుతుంది. నాలుగుంటే సెల్ఫ్ కొట్టకముందే నలభై. బలహీనమైన బ్యాటరీకి కొత్త ప్లగ్గులు మరో భారమే. అలాగని ప్లగ్గులు పోయిన ప్రీ-చాంబర్ బండికి కొత్త బ్యాటరీ వేస్తే, అది ఎక్కువసేపు తిప్పి ఎలాగోలా లేపుతుంది. అసలు లోపం కనబడకుండా పోయి, కొన్నాళ్లకు సెల్ఫ్ కార్బన్లు అరిగిపోతాయి. 702 సీసీ బండి చురుగ్గా తిరిగి తెల్ల పొగ వదిలితే ప్లగ్గులే మేలు. డీఐ పికప్ మూలిగితే వైర్లు, ఆ తర్వాత బ్యాటరీ. ప్లగ్గులన్నీ మంచివై, సెల్ఫ్ చురుగ్గా ఉండి, తెల్ల పొగ ఆగకపోతే మెకానిక్‌కి కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బలం) చూపించాలి.

పొగే లేని బండికి డీజిల్ ఎక్కించే హ్యాండ్ పంపు గట్టిపడేదాకా కొట్టి చూడండి. వెంటనే లేస్తే రాత్రి డీజిల్ వెనక్కి జారి లైనులో గాలి పట్టింది. చీలిన రబ్బరు పైపు, ఫిల్టర్ వాషరు, బోల్టుల రాగి వాషర్లు మార్చితే సరి. వేసవిలో డ్రమ్ముల్లో నిలవ చేసిన డీజిల్ ఇక్కడి చలికి పనికిరాదు. మన ప్రమాణాల్లో చలిలో ఫిల్టర్ మూసుకుపోయే హద్దు వేసవి డీజిల్‌కి 18 డిగ్రీలు, చలికాలపు డీజిల్‌కి 6. చలికి డీజిల్‌లోని మైనం కట్టిన ఫిల్టర్ మీద వేడినీళ్ల గుడ్డ చుట్టండి. కిరోసిన్ కలపకండి, పంపు అరిగిపోతుంది.

ఆ పూటకి గట్టెక్కాలంటే తోయడం కంటే మరో బండి బ్యాటరీకి కలిపే జంపర్ వైర్లు మేలు. ఘాట్‌లో దొరికే పెద్ద లారీలవి 24 వోల్టులు. రెండు బ్యాటరీల్లో ఒక్కదానికే తగిలించాలి. పాజిటివ్‌కి పాజిటివ్, ఆ తర్వాత లారీ బ్యాటరీ నెగెటివ్, చివరి కొస మీ ఇంజన్ ఇనుముకి. వాలు మీద దొర్లిస్తే ఇంజన్ లేచేదాకా బ్రేకు బూస్టర్‌కి వ్యాక్యూమ్ రాదు, పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బిగుసుకుంటుంది. డీజిల్ పంపు సోలెనాయిడ్‌కి (కరెంటుతో డీజిల్ దారి తెరిచే భాగం) కరెంటు లేనంతగా బ్యాటరీ చచ్చిపోతే తోసినా ఫలితం ఉండదు. సమతలం మీద అయితే తాళం ఆన్ చేసి, రెండో గేరులో తోయవచ్చు. ఈథర్ స్ప్రే, పెట్రోలు గుడ్డ మాత్రం వద్దే వద్దు: ఎర్రగా కాలిన ప్లగ్గుకి తగిలి మానిఫోల్డ్‌లోనే పేలవచ్చు, రింగులు విరగవచ్చు. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లే కొట్టి, ఒక నిమిషం ఆగండి. ఆయిల్ మార్చేటప్పుడు కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే 20డబ్ల్యు-50 బదులు చలికి తక్కువ చిక్కబడే 15డబ్ల్యు-40 పోయించండి.