గజిబిజి కోడా, చీటికిమాటికి మారే కోడా: ముందు ఏది సరిచెయ్యాలి?

పదేళ్ళ నాటి ప్రాజెక్టు మా టీమ్ చేతికొచ్చింది. "రెండు వారాలు తీసుకోండి, ఎక్కడ ప్రమాదముందో చూసి బాగుచెయ్యండి" అన్నారు మేనేజరు గారు. వేల ఫైళ్ళున్న చోట రెండు వారాలంటే ఏ మూలకూ చాలవు. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నే అసలు ప్రశ్న అయింది.

అందరిలాగే నేనూ ముందు కాంప్లెక్సిటీ, అంటే కోడు ఎంత చిక్కుగా ఉందో, కొలిచాను. 1976లో థామస్ మెక్‌కేబ్ చెప్పిన పద్ధతి ఇది. ఒక ఫంక్షన్‌లో (ఒక పని చేసే కోడు ముక్కలో) ఇఫ్‌లు (షరతులు), లూపులు (మళ్ళీమళ్ళీ నడిచే భాగాలు) ఎన్ని ఉన్నాయో, వాటివల్ల ఎన్ని దారులు చీలుతున్నాయో లెక్కపెడుతుంది. ప్రధాన ప్రోగ్రామింగ్ భాషలన్నిటికీ టూల్ దొరుకుతుంది, నిమిషంలో జాబితా వస్తుంది. మా జాబితాలో మొదటి పేరు పాత డేటాను ఇంపోర్ట్ చేసే ఫైలు. చూస్తే కళ్ళు తిరిగాయి. నాలుగు రోజులు కూర్చుని ముక్కలు చేశాం. తీరా చూస్తే దాన్ని నాలుగేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు, అందులో బగ్ వచ్చిందన్న ఫిర్యాదూ లేదు. పైగా మా చేతిమీదుగానే ఒక కొత్త బగ్ చేరింది. ఆ నాలుగు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

రెండో దారి, కోడులో వచ్చిన ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌ను అడగడం. గిట్ లాగ్‌తో ఏడాది కమిట్లలోని (నమోదైన మార్పుల్లోని) ఫైళ్ళ పేర్లు మాత్రం తీసి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, పెద్ద సంఖ్య నుంచి వరసగా పేర్చితే చాలు. కొత్త టూలేమీ అక్కర్లేదు. మాకు పైన తేలింది బిల్లింగ్‌లో డిస్కౌంటు లెక్కలు చూసే ఫైలు. కాంప్లెక్సిటీ జాబితాలో అది ఎక్కడో మధ్యలో ఉంది. కానీ పండగ ఆఫర్ వచ్చినా, పన్ను రేటు మారినా, కూపన్ పనిచెయ్యకపోయినా అందరూ వచ్చి చెయ్యి పెట్టేది అక్కడే. అతుకుల బొంత అయిపోయింది పాపం. సపోర్టు టీమ్‌ను అడిగితే లెక్క చూడకుండానే ఆ పేరే చెప్పారు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. టెలిఫోన్ స్విచింగ్ సాఫ్ట్‌వేర్ మీద గ్రేవ్స్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో, కోడు ఎంత పొడవుందన్న దానికంటే ఎన్నిసార్లు మారిందన్నదే తప్పులను బాగా సూచించింది. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు, మరో మాడ్యూల్ (కోడులో ఒక భాగం) కంటే సగటున ఏడాది పాతదైన మాడ్యూల్‌లో తప్పులు దాదాపు మూడో వంతు తక్కువని కూడా వాళ్ళు చూశారు. ముట్టుకోని కోడు కుదురుకుంటుందన్నమాట.

అలాగని ఉత్త కమిట్ల లెక్కను నమ్మితే మోసపోతాం. కమిట్ల లెక్కతో మేం తీసిన మొట్టమొదటి జాబితాలో పైనున్నవన్నీ డిపెండెన్సీ లాక్ ఫైలూ (వాడే లైబ్రరీల వెర్షన్లు ఉండేది), అనువాదాల ఫైళ్ళూ, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ళే. వాటిని తీసెయ్యాలి; మేం తీసేశాకే డిస్కౌంటు ఫైలు పైకి తేలింది. ఎవరో ఒకరోజు ప్రాజెక్టు మొత్తానికి ఫార్మాటర్ (కోడు రూపాన్ని మాత్రం సర్దే టూల్) నడిపిన కమిట్‌నూ తీసెయ్యాలి. ఫైలు పేరు మారితే పాత చరిత్ర వేరే పేరు మీద ఉండిపోతుంది, రెండూ కలిపి చూసుకోవాలి. ఎన్ని కోడు లైన్లు మారాయో లెక్కపెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. విండోస్ సర్వర్ 2003 మీద నాగప్పన్, బాల్ చేసిన పరిశోధనలో (2005) ఉత్త మార్పుల పరిమాణం పెద్దగా పనికిరాలేదు. మొత్తం కోడులో ఎంత వంతు మారింది, ఎంత వ్యవధిలో మారింది అని పోల్చి చూస్తేనే ఫలితం బాగా వచ్చింది.

మూడో దారి, నేను ఎంచుకునేది, ఈ రెంటినీ కలపడం. ఒక అక్షం మీద మార్పులు, మరో అక్షం మీద కాంప్లెక్సిటీ పెట్టి చుక్కలు గియ్యండి. గజిబిజిగా ఉన్నా కదలని ఫైళ్ళను అలాగే ఉండనివ్వండి. తరచూ మారుతున్నా సాదాగా ఉన్నవాటితో ఇబ్బంది లేదు. రెండూ ఎక్కువున్న మూలలో మహా అయితే పది చుక్కలు కనిపిస్తాయి. రెండు వారాలు పెట్టాల్సింది అక్కడ.

బగ్ ఫిక్సులు మాత్రమే లెక్కపెట్టే దారి కూడా ఉంది. గూగుల్‌లో అలాంటి టూల్ పెట్టి చూశారు. దానివల్ల డెవలపర్ల తీరులో గుర్తించదగ్గ మార్పేమీ రాలేదని 2013లో వాళ్ళే రాశారు. ఫైలు ప్రమాదకరమని చెబితే సరిపోదు, ఏం చెయ్యాలో కూడా తెలియాలి. పైగా ఏ మార్పు బగ్ ఫిక్సో దానితో రాసిన వివరణను బట్టే తెలుస్తుంది కాబట్టి, కమిట్ మెసేజీలు సరిగా రాయని టీముల్లో ఈ లెక్క అసలు నిలవదు.

భద్రత విషయంలో మాత్రం మార్పుల లెక్క మీద ఆధారపడకండి. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ అనే భద్రతా లోపం, కంప్యూటర్‌కు కమాండ్లు ఇచ్చే బాష్ ప్రోగ్రాంలో 1989 నుంచీ ఉంది. అలాంటిదాన్ని కమిట్ల సంఖ్య పట్టివ్వదు. బయటినుంచి వచ్చే డేటాను చదివే కోడు ఎంత పాతదైనా, ఎంత నిశ్శబ్దంగా ఉన్నా విడిగా రివ్యూ చెయ్యాల్సిందే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఈ జాబితా పక్కన మనుషుల పేర్లు పెట్టకండి. డిస్కౌంటు ఫైలులో ఎక్కువ కమిట్లు మా టీమ్‌లోని ఒక అమ్మాయివి. అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి సరిచేసింది ఆమె కాబట్టి. ఆ ఫైలును ఎలా విడగొట్టాలో ముందుగా ఆమెనే అడిగాం. పన్ను, కూపన్లు, ఆఫర్లు మూడూ వేరు చెయ్యమంది. మిగిలిన రోజుల్లో ముందు టెస్టులు రాసి, తర్వాత ఆమె చెప్పిన వరసలోనే మూడు ఫైళ్ళు చేశాం.