టేకు పెట్టాలంటే: మన దగ్గరి కాయా, నీలంబూర్ మొక్కా, టిష్యూ కల్చరా?

నర్సంపేట దగ్గర మా బావకు ఎకరంన్నర చెల్క ఉంది. పత్తి వేసి వేసి విసిగిపోయి ఈసారి టేకు పెడతానంటున్నాడు. ఊరి గుట్ట మీద ఖాళీగా ఉన్న జాగాలో కూడా అందరూ కలిసి నాటాలని అనుకున్నారట. "బామ్మర్దీ, నువ్వు బాటనీ చెప్తవు కదా, ఏ మొక్క తేవాల్నో నువ్వే చెప్పు" అని ఫోన్ చేశాడు. ఆయన ముందున్నవి మూడు దారులు. పాకాల వైపు ఊళ్లలో ఏరిన కాయలతో స్టంపులు (వేరూ కాండమూ కత్తిరించి నాటే నారు మొక్కలు) పెంచుకోవడం ఒకటి, ఒక నర్సరీవాళ్లు "అసలు నీలంబూర్" అని అమ్ముతున్న మొక్కలు కొనడం రెండోది, ప్రయోగశాలలో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు తేవడం మూడోది.

ముందు నీలంబూర్ సంగతి. కేరళలోని ఆ ఊళ్లో కొనోలీ అనే బ్రిటిష్ కలెక్టర్ 1840లలోనే టేకు తోట వేయించాడు. ఆ కలపకున్న పేరు ఊరికే వచ్చింది కాదు. కానీ అక్కడ కురిసే వాన మన వరంగల్ వానకు రెట్టింపు కంటే ఎక్కువ. మన దగ్గర ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు, అదీ నాలుగు నెలల్లో కురిసిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు చెట్టు ఓర్చుకోవాలి. ఎప్పుడు ఆకు రాల్చాలి, ఎప్పుడు చిగురించాలి అన్నది చెట్టు తన చోటి వానను బట్టి నేర్చుకుంటుంది అంటాం గానీ, నిజానికి ఏ చెట్టూ నేర్చుకోలేదు. లెక్క తప్పినవి పోయాయి, కుదిరినవి కాయలు కాశాయి, అంతే. దేశంలోని టేకు డీఎన్ఏను పరిశీలించినవాళ్లకు కూడా పడమటి కనుమల తడి అడవుల టేకు ఒక గుంపుగా, లోపలి పొడి అడవుల టేకు వేరే గుంపుగా కనిపించింది. పేరు ఒకటే, చరిత్రలు వేరు.

ఆ చరిత్ర ఎంత పాతదో మన గోదావరే చెబుతుంది. నది సముద్రంలో కలిసే చోటికి అవతల, బంగాళాఖాతం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదను శాస్త్రవేత్తలు గొట్టంతో పైకి తీశారు. ఆకుల మీద సన్నటి మైనపు పూత ఉంటుంది కదా, మన అడవుల నుంచి కొట్టుకుపోయిన ఆ మైనం వేల ఏళ్లుగా ఆ బురదలో చెడకుండా ఉంది. అందులోని కార్బన్‌ను బట్టి, అది తడిని కోరే మొక్కలదా, ఎండకు తట్టుకునే మొక్కలదా అని తేల్చవచ్చు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి దాకా ఈ పరీవాహక ప్రాంతంలో ఎండకు ఓర్చే మొక్కలు మెల్లగా పెరుగుతూ వచ్చాయి. అంతకు ముందు, 20,000 ఏళ్ల కిందటి మంచుయుగంలోనూ నైరుతి రుతుపవనాలు బలహీనపడ్డాయి. యూరప్‌లోలాగా మన అడవుల్ని మంచు కప్పేయలేదు, వాన తగ్గి జల్లెడ పట్టింది. పాకాల గుట్టల మీది టేకు ఆ జల్లెడలో మిగిలిన చెట్ల సంతానమని నా లెక్క.

అందుకే "స్థానికం" అంటే కిలోమీటర్లు కొలవడం కాదు. గోదావరి అవతల మహారాష్ట్రలోని సిరోంచ అడవి వేరే రాష్ట్రమే కావచ్చు, వానలో, వేడిలో మాత్రం ఇవతలి ఏటూరునాగారం అడవికి చుట్టమే. పైగా టేకు కాయ నీళ్ల మీద తేలుతుంది, వరదకు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకూ కొట్టుకురావచ్చు.

మరి మన కాయే మేలా? ఇక్కడే ఒక చిక్కుంది. టేకు చాలావరకు సొంత పుప్పొడిని ఒప్పుకోదు, చిన్న చిన్న కీటకాలు పక్క చెట్టు పుప్పొడి తేవాలి. నలుదిక్కులా పొలాలై ఒంటరిగా మిగిలిన గుట్ట మీద నాలుగే చెట్లుంటే, ఆ నాలుగింటి మధ్యే పెళ్లిళ్లు. తరం మారేకొద్దీ మేనరికం ముదురుతుంది. అలాంటప్పుడు బయటి రక్తమే కాపాడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో పాంథర్లు (ప్యూమా అనే పెద్దపిల్లులకు అక్కడి పేరు) ఇరవై ముప్పైకి పడిపోయి, వంకర తోకలతో, గుండె లోపాలతో పుడుతుంటే 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. సంఖ్య మళ్లీ పెరిగింది. కాబట్టి బయటిది తేవడమే తప్పని నేను అనను. ఎలాంటి చోటు నుంచి, ఎంత తెస్తున్నామన్నదే చూడాలి.

టిష్యూ కల్చర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఒకే మంచి చెట్టుకు వేల నకళ్లు. ఒకే ఎత్తు, ఒకే తీరు, చెల్కలో కలప కోసమైతే బాగానే ఉంటుంది. తొలకరిలో ఆకు తినే పురుగు వచ్చిందనుకోండి, ఒక చెట్టుకు తట్టుకునే గుణం లేకపోతే దేనికీ ఉండదు.

బావకు చెప్పింది ఇది. చెల్కలో సగం దాకా టిష్యూ కల్చర్ పెట్టుకో, నీ డబ్బు, నీ ఇష్టం. గుట్ట మీద మాత్రం వద్దు. నీలంబూర్ మొక్క రెండు చోట్లా వద్దు. గుట్టకు కనీసం పాతిక ముప్పై తల్లిచెట్ల కాయలు కావాలి, చెట్టుకూ చెట్టుకూ వంద మీటర్ల ఎడం ఉండాలి. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏరొద్దు, ఊళ్ల పొలాల్లో, గట్ల మీద ఉన్నవి చాలు. ముందు ముందు ఎండలు ఇంకా ముదురుతాయి కాబట్టి నల్లమల వైపు కాయ కొంచెం కలిపినా మంచిదే, ఐదో వంతు దాటకుండా.

పోయిన ఆదివారం వెళ్లి చూస్తే వాకిట్లో గోనె సంచి నిండా కాయలు. ఎన్ని చెట్లవని అడిగాను. "మూడు. రోడ్డు పక్కనే ఉన్నయి, ఏరుడు అల్కగయింది." ఒక కాయ పైపొట్టు నలిపి, గడప మీద పెట్టి కత్తితో చీల్చాను. లోపల నాలుగు గదులు, రెండింట్లోనే గింజ. ఇంకోటి చీలిస్తే ఒక్కటే. బావ మొహం చిన్నబోయింది. మొలక కోసం కాయల్ని రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టే పని ఇంకా మొదలుపెట్టలేదు, అదొక్కటే నయం.

నిన్న మళ్లీ ఫోన్. పదకొండు చెట్లయ్యాయట, ఏ చెట్టు కాయలు ఆ సంచిలోనే. సంచులు సరిపోక మా అక్కను అడిగి పాత దిండు గలీబులు తీసుకున్నాడట.