వనామి రొయ్యల చెరువుకు మెంబ్రేన్ డీఓ మీటర్: కొనొచ్చా?

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను (డీఓ) కొసన పలచటి పొర (మెంబ్రేన్) ఉన్న ప్రోబును ముంచి కొలిచే మీటర్ ఇది. కొనొచ్చు, తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య గట్టు మీదకెళ్లి చూసే మనిషి ఉంటే. రాత్రంతా ప్లాంక్టన్, రొయ్య, అడుగు బురద కలిసి ఆక్సిజన్ పీల్చేస్తాయి కాబట్టి డీఓ బాగా పడిపోయేది అప్పుడే. భీమవరమైనా అమలాపురమైనా, మధ్యాహ్నం మీటర్ 9 పీపీఎం (లీటరుకు 9 మిల్లీగ్రాములు) చూపించిందని ధీమా పడితే పంట పోతుంది.

రొయ్య తేలాక చూద్దామనుకుంటే ఆలస్యమే. దాని కణాలకు ముందే తెలిసిపోతుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ ఒక ఎంజైము హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీనుకు గుర్తు వేస్తుంటుంది. గుర్తు పడ్డదాన్ని కణం ఎప్పటికప్పుడు ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. అప్పుడా ప్రోటీను పోగుపడి కేంద్రకంలోకెళ్లి, ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజు నుంచి శక్తి తీసే జన్యువులను లేపుతుంది. జంతు కణాల్లో ఈ ఏర్పాటును కనిపెట్టినందుకే సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది. రొయ్య ప్రాణం కాసేపు నిలుస్తుంది గానీ అలా శక్తి తీసినప్పుడు మిగిలే లాక్టేటు ఒంట్లో పేరుకుంటుంది, రొయ్య మేత తింటుందో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంది. అందుకే 4 పీపీఎం దగ్గరే కళ్లు తెరవాలి. 3కి దిగితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ వేసి మేత ఆపేయాలి.

ఇక మీటర్. ఆన్ చేసి 15 నిమిషాలు వదిలేయండి, తర్వాత తడి గాలిలో 100 శాతానికి సెట్ చేయండి. ఉప్పు శాతం కూడా తప్పక నొక్కాలి: 28 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో నిండుగా కరిగేది 7.8 పీపీఎం, 15 పీపీటీ (వెయ్యి పాళ్లలో 15 పాళ్లు ఉప్పు) నీళ్లలో దాదాపు 7.2. సున్నా మీద వదిలేస్తే అసలు 3 ఉన్నచోట 3.3 దాకా చూపిస్తుంది. ప్రోబు ఆక్సిజన్‌ను తానూ వాడుకుంటుంది, కాబట్టి కదలకుండా పట్టుకుంటే అంకె దిగిపోతూనే ఉంటుంది. నీళ్లలో మెల్లగా ఊపాలి. అడుగుకు జానెడు పైన చూడండి. నల్లబురదలో గుచ్చితే అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఎలక్ట్రోడును పాడు చేస్తుంది.

దీని అసలు లోపం ప్రోబు కొసన మెంబ్రేన్ ఉండే క్యాపు. మెంబ్రేన్ కింద మిరియం గింజంత బుడగ మిగిలినా అంకె నిలవదు. ఎలక్ట్రోలైట్ (ప్రోబు లోపల పోసే ఉప్పు ద్రవం) అంచుదాకా పోసి, క్యాపును గోటితో తట్టి, నీరు పొర్లేలా నిదానంగా బిగించాలి. కాంతితో కొలిచే ఆప్టికల్ మీటర్‌కు ఈ బాధ లేదు, ఊపనక్కర్లేదు, కానీ ఖరీదెక్కువ. ఐదారు చెరువులుంటే అదే నయం.

ఒకటి రెండు చెరువులకు ఇది చాలు. కేబుల్ 3 మీటర్లకు తగ్గనివ్వకండి. రెండు క్యాపులు, ఒక ఎలక్ట్రోలైట్ సీసా మీటర్‌తోపాటే తీసుకోండి. మబ్బు పట్టిన రాత్రి మెంబ్రేన్ చిరిగితే తెల్లారేదాకా ఏ షాపూ తెరవరు.