ఒకే రెపోలో పది లైబ్రరీలు: ఎన్‌పీఎం చాలా, పీఎన్‌పీఎం కావాలా?

జావాస్క్రిప్ట్ లైబ్రరీలు నాలుగైదు ఒకే గిట్ రెపోలో (కోడ్ ఉంచే చోట) పెట్టుకున్న టీమ్‌లో ఈ వాదన ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్‌తో పాటే వచ్చే ప్యాకేజ్ మేనేజర్ (ప్యాకేజీలు తెచ్చిపెట్టే టూల్) ఎన్‌పీఎం ఉండగా పీఎన్‌పీఎం అని ఇంకోటి దేనికని ఒకరంటారు, దీనితో ఇక వేగలేమని ఇంకొకరంటారు. లైబ్రరీలు బయటివాళ్లు వాడేవైతే నా ఓటు పీఎన్‌పీఎంకే. అందరూ చెప్పే స్పీడు, డిస్క్ ఆదా నిజమే గానీ, వాటికోసం మాత్రమే మారమని నేను చెప్పను.

అసలు కారణం నోడ్ మాడ్యూళ్లను వెతికే పద్ధతిలో ఉంది. కోడ్‌లో ఇంపోర్ట్ కనబడగానే నోడ్ ముందు ఆ ఫోల్డర్‌లోని నోడ్ మాడ్యూల్స్‌లో (ప్యాకేజీలుండే ఫోల్డర్) చూస్తుంది, లేకపోతే పై ఫోల్డర్‌లో, అక్కడా లేకపోతే ఇంకా పైన. ఎన్‌పీఎం వర్క్‌స్పేసులు (ఒకే రెపోలోని లైబ్రరీలను కలిపి నడిపే ఏర్పాటు) వీలైనన్ని ప్యాకేజీలను తీసుకెళ్లి రెపో రూట్‌లో పెడతాయి, దీన్నే హాయిస్ట్ చేయడం అంటారు. అంటే ఒక లైబ్రరీ కోసం తెచ్చిన ప్యాకేజీ మిగతా తొమ్మిదింటికీ కనబడుతుంది. మీ చార్ట్స్ లైబ్రరీలో ఎవరో లోడాష్ అనే ప్యాకేజీ ఇంపోర్ట్ చేశారనుకోండి. దాన్ని ప్యాకేజ్ జేసన్‌లో (లైబ్రరీకి కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ఫైల్) రాయడం మర్చిపోయారు. ఫార్మ్స్ లైబ్రరీ ఎలాగూ లోడాష్ తెచ్చింది కాబట్టి టెస్టులు పాసవుతాయి, సీఐ (టెస్టులు తనంతట తానే నడిపే వ్యవస్థ) పచ్చగా ఉంటుంది, పబ్లిష్ అయిపోతుంది. చార్ట్స్ ఒక్కటే ఇన్‌స్టాల్ చేసుకున్న వాడికి మాత్రం మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్. మీ మెషీన్‌లో అది ఎన్నిసార్లు ప్రయత్నించినా రాదు.

పీఎన్‌పీఎం ప్రతి లైబ్రరీకీ దాని సొంత నోడ్ మాడ్యూల్స్ ఇస్తుంది. అందులో ఆ లైబ్రరీ డిక్లేర్ చేసిన వాటికే సిమ్‌లింకులు (వేరేచోట ఉన్నదానికి దారి చూపే గుర్తులు) ఉంటాయి. అసలు ఫైళ్లు మెషీన్‌లో ఒకేచోట స్టోర్‌లో ఉండి, అక్కడి నుంచి హార్డ్‌లింకులుగా (కాపీ చేయకుండా అదే ఫైల్‌కి ఇంకో పేరుగా) వస్తాయి. డిస్క్ ఆదా అలా వచ్చేదే. పైన చెప్పిన చార్ట్స్ లైబ్రరీ ఇక్కడ మొదటి టెస్టు దగ్గరే ఆగిపోతుంది.

రెండో తేడా లైబ్రరీలు ఒకదాన్నొకటి వాడుకునే చోట. ఫార్మ్స్‌కి యుటిల్స్ కావాలి, రేంజ్ క్యారెట్ 1.4.0 (అంటే 1.4.0 నుంచి 2.0.0 లోపు ఏదైనా) అని రాశారు. యుటిల్స్‌ను 2.0.0కి పెంచి, ఫార్మ్స్‌లో రేంజ్ మార్చలేదు. ఎన్‌పీఎం ఏం చేస్తుంది? లోకల్ కాపీ రేంజ్‌కి సరిపోదు కాబట్టి రిజిస్ట్రీ (ప్యాకేజీలు పబ్లిష్ చేసే సర్వర్) నుంచి పాత 1.x తెచ్చి చప్పుడు చేయకుండా పెట్టేస్తుంది. మీరు పక్క ఫోల్డర్‌లో కోడ్ మారుస్తూనే ఉంటారు, ఫార్మ్స్‌లో ఏమీ మారదు. ఇంకా 0.x వెర్షన్లలో ఉన్నవాళ్లకి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే క్యారెట్ 0.2.3 రేంజ్‌లోకి 0.3.0 రాదు. పీఎన్‌పీఎంలో రేంజ్ ముందు వర్క్‌స్పేస్ అని రాస్తే లోకల్ కాపీ తప్ప వేరేది తీసుకోదు, సరిపోకపోతే ఇన్‌స్టాల్ ఆగుతుంది. పబ్లిష్ చేసేటప్పుడు ఆ మాట తీసేసి అసలు వెర్షన్ తనే రాసుకుంటుంది. ఎన్‌పీఎంకి ఈ వర్క్‌స్పేస్ ప్రోటోకాల్ తెలియదు.

ఇక అందరికీ తలనొప్పి తెచ్చేది పది లైబ్రరీలూ వాడే ఉమ్మడి ప్యాకేజీలు. మూడు చోట్ల టైప్‌స్క్రిప్ట్ ఒక వెర్షన్, మిగతా చోట్ల ఇంకోటి. పీఎన్‌పీఎం 9.5తో 2024లో క్యాటలాగులు వచ్చాయి. వర్క్‌స్పేస్ యామల్ ఫైల్లో వెర్షన్ ఒక్కసారి రాసి, లైబ్రరీల్లో క్యాటలాగ్ అని పెడితే చాలు. అప్‌గ్రేడ్ అంటే ఒక్క లైన్ మార్పు. ఎన్‌పీఎంలో సింక్‌ప్యాక్ లాంటి టూల్ తెచ్చుకుని తేడాలు పట్టుకోవచ్చు, పని నడుస్తుంది. కొందరు ఓవర్‌రైడ్స్‌తో (ఫలానా వెర్షనే వాడమని బలవంతం చేసే సెట్టింగ్) సర్దేస్తుంటారు. అవి రూట్ ప్యాకేజ్ జేసన్‌లో ఉంటేనే పనిచేస్తాయి, మీ లైబ్రరీ వాడేవాడి దాకా వెళ్లవు. లైబ్రరీ రాసేవాళ్లకి అది పరిష్కారం కానే కాదు.

యూఐ లైబ్రరీ రియాక్ట్ లాంటి వాటి విషయంలో మాత్రం రెండు టూల్సూ మిమ్మల్ని కాపాడవు. దాన్ని పీర్ డిపెండెన్సీగా (వాడేవాడి యాప్‌లో ఉన్న కాపీనే తీసుకునేలా) కాకుండా మామూలు డిపెండెన్సీగా రాస్తే యూజర్ యాప్‌లోకి రెండు కాపీలు చేరవచ్చు, అప్పుడు హుక్స్ అనే రియాక్ట్ ఫంక్షన్ల దగ్గర ఇన్‌వాలిడ్ హుక్ కాల్ ఎర్రర్ వస్తుంది. పీర్‌గా వీలైనంత వెడల్పు రేంజ్, డెవ్ డిపెండెన్సీగా (లైబ్రరీ రాసేటప్పుడు మాత్రమే కావాల్సినదిగా) క్యాటలాగ్ నుంచి ఒకే వెర్షన్. ఈ పద్ధతి బాగా నడుస్తుంది.

ఎన్‌పీఎం వైపు కూడా బలమైన వాదనే ఉంది. రెపోలో ఒక యాప్, దానికోసం రెండు మూడు లోపలి ప్యాకేజీలు, రిజిస్ట్రీకి ఏదీ పోదు అంటే, పైన చెప్పిన వాటిలో చాలా ఇబ్బందులు మీ దాకా రావు. సీఐలో, డాకర్ ఇమేజ్‌లో అదనంగా ఏమీ పెట్టక్కర్లేదు, కొత్తగా చేరినవాళ్లకి నేర్పే పనీ లేదు. మొబైల్ యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్ పాత వెర్షన్ల మీద ఉన్నవాళ్లకి సిమ్‌లింకులతో గొడవ. 0.73 నుంచి దాని బండ్లర్ (కోడ్‌ని కలిపి కట్టే టూల్) మెట్రో వాటిని సరిగ్గా అర్థం చేసుకుంటోంది. అంతకు ముందువాళ్లు పీఎన్‌పీఎంలో నోడ్ లింకర్ సెట్టింగ్‌ని హాయిస్టెడ్‌గా (ఎన్‌పీఎం లాగే రూట్‌లో పెట్టేలా) మార్చుకుంటే బండి నడుస్తుంది, కానీ అప్పుడు పీఎన్‌పీఎం మామూలుగా పట్టే తప్పులు ఇక పట్టదు. మరి మారి ఏం లాభం? ఇంకో ప్యాకేజ్ మేనేజర్ యార్న్‌లో వర్క్‌స్పేసులు 2017 నుంచే ఉన్నాయి, వర్క్‌స్పేస్ ప్రోటోకాల్ కూడా ఉంది. ఇప్పటికే యార్న్ 4 మీద హాయిగా ఉన్న టీమ్‌ని కదిలించాల్సిన పని లేదు.

వెర్షన్ నంబర్ల సంగతి ప్యాకేజ్ మేనేజర్‌తో తేలదు. బేబెల్, వ్యూ ప్రాజెక్టుల ప్యాకేజీలు ఒకే నంబరుతో కలిసి నడుస్తాయి. ఏది దేనితో పనిచేస్తుందని ఎవరూ అడగరు. విడివిడి నంబర్లకి ఛేంజ్‌సెట్స్ మంచి టూల్. ప్రతి పుల్ రిక్వెస్ట్‌తో ఏ లైబ్రరీలో ఎంత మార్పో ఒక చిన్న ఫైల్లో రాస్తారు, రిలీజ్ రోజు అదే నంబర్లు పెంచి ఛేంజ్‌లాగ్ రాస్తుంది. ఒక్క మెలిక: మీ లైబ్రరీ ఒకటి ఇంకోదానికి పీర్ డిపెండెన్సీ అయితే, దానికి మైనర్ బంప్ (మధ్య అంకె పెంపు) ఇచ్చినా ఆధారపడ్డదానికి డీఫాల్ట్‌గా మేజర్ బంప్ (మొదటి అంకె పెంపు) పడుతుంది. రేంజ్ దాటినప్పుడే అలా చేయమని చెప్పే సెట్టింగ్ ఉంది, మొదటి రోజే పెట్టుకోండి. లైబ్రరీలన్నీ కలిపి వాడేవైతే ఒకే నంబరు మేలు, ఒక్కోదాన్నీ వేర్వేరు జనం వాడుతుంటే విడివిడిగా.

మారాలనుకుంటే పాత లాక్ ఫైల్ (ఇన్‌స్టాల్ అయిన కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ఫైల్) ఉండగానే పీఎన్‌పీఎం ఇంపోర్ట్ కమాండ్ నడపండి, అవే వెర్షన్లు కొత్త లాక్ ఫైల్లోకి వస్తాయి. తర్వాత బిల్డ్ చేస్తే మాడ్యూల్ దొరకలేదనే ఎర్రర్లు వరసపెట్టి రావచ్చు. టెన్షన్ పడి అన్నిటినీ హాయిస్ట్ చేసే సెట్టింగ్ పెట్టేయకండి. ఒక్కోదాన్నీ ఏ లైబ్రరీ అడుగుతోందో చూసి దాని ప్యాకేజ్ జేసన్‌లోనే చేర్చండి. రిలీజ్ ఉన్న వారం మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు.