ఎన్‌హెచ్‌ఎల్ జీతాల ఆర్బిట్రేషన్: గడువుకి ఫుల్ మార్కులు, విచారణ గదికి మాత్రం కోత

అమెరికా, కెనడాల్లో నడిచే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాడికీ క్లబ్బుకీ జీతం దగ్గర బేరం కుదరకపోతే మూడో మనిషి కూర్చుని అంకె తేల్చే ఏర్పాటు ఒకటుంది. దాన్నే శాలరీ ఆర్బిట్రేషన్ అంటారు. గోల్స్ ఎంత ఇష్టమో కాంట్రాక్టుల లెక్కలూ నాకంతే ఇష్టం, ప్రతి జులైలో ఈ తంతు వదలకుండా ఫాలో అవుతాను, అందుకే దీన్నొక సర్వీస్‌లా తీసుకుని ఆటగాడి వైపు నుంచి రివ్యూ రాస్తున్నా. నా రేటింగ్ ఐదుకి మూడున్నర.

ఇది ఎవరికి పనికొస్తుందో ముందు చెప్పాలి. కాంట్రాక్ట్ అయిపోయినా హక్కులు ఇంకా పాత క్లబ్బు దగ్గరే ఉండే కుర్రాళ్లుంటారు, రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్లు అంటారు వాళ్లని. వేరే క్లబ్బు ఇంత జీతం ఇస్తామని కాగితం మీద ఆఫర్ (ఆఫర్ షీట్) ఇవ్వొచ్చు గానీ పాత క్లబ్బు అదే మొత్తం తనే ఇస్తానని ఆపేసుకోవచ్చు, పైగా అలాంటి ఆఫర్లు రావడమే అరుదు. కాబట్టి సంతకం పెట్టనని భీష్మించుకుని కూర్చోవడం తప్ప కుర్రాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఆర్బిట్రేషన్ ఇక్కడే ఆదుకుంటుంది. 20 ఏళ్లకో అంతకుముందో మొదటి కాంట్రాక్ట్ చేసుకున్నవాడికి నాలుగేళ్ల ప్రొఫెషనల్ అనుభవం ఉండాలి, 24 లేదా ఆపైన చేసుకున్నవాడికి ఏడాది చాలు. జులై 5 సాయంత్రం 5లోపు దరఖాస్తు పెట్టుకుంటే విచారణకి తేదీ పడుతుంది (2023లో జులై 20 నుంచి ఆగస్టు 4 మధ్య పెట్టారు), విచారణ అయ్యాక 48 గంటల్లో తీర్పొస్తుంది. దరఖాస్తు పెట్టాక వేరే క్లబ్బు ఆఫర్ షీట్ తీసుకోవడం కుదరదు, అది వదులుకోవాలి. నా లెక్కలో అది చాలా తక్కువ ధర, ఎందుకంటే రేపు మాపు అని సాగదీసే మేనేజర్లు తేదీ దగ్గరపడేసరికి ఫోన్లు చేయడం మొదలుపెడతారు, దరఖాస్తు పెట్టినవాళ్లలో ఎక్కువమంది గదిలోకి అడుగు పెట్టకుండానే సంతకాలు చేసేస్తారు. కొందరికి విచారణ రోజు పొద్దున్నే సెటిల్ అవుతుంది!

ఇక గదిలోకి వెళ్లినవాళ్ల సంగతి. విచారణకి 48 గంటల ముందు రెండు వైపులా తమ వాదన కాగితాలు, తమ అంకెలు ఇచ్చిపుచ్చుకుంటారు. అసలు యుద్ధమంతా పోలికల మీదే. ఫలానా ఆటగాడు ఇన్ని మ్యాచ్‌లు ఆడి ఇన్ని పాయింట్లు చేసినప్పుడు అతనికి ఇంత ఇచ్చారు, మావాడు అతనికంటే మెరుగు అని ఏజెంట్, కాదు తక్కువ అని క్లబ్బు. గాయాలు, సర్వీసు, నాయకత్వం, జట్టు గెలుపులో పాత్ర, ఇవన్నీ చెప్పుకోవచ్చు. పేపర్లో ఎవరో పొగిడిన కాలమ్ పనికిరాదు, క్లబ్బు ఖజానా ఖాళీ అన్న మాటా చెల్లదు, ఏ క్లబ్బు హక్కూ లేని పూర్తి ఫ్రీ ఏజెంట్‌గా ఎవరో కొట్టేసిన భారీ కాంట్రాక్టుతో పోల్చుకోవడానికీ వీల్లేదు. ఈ వడపోత నాకు బాగా నచ్చింది, వాదన ఆట మీదే ఉంటుంది. ఇంకోటి, బేస్‌బాల్‌లోలాగా రెండు అంకెల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలన్న నిబంధన ఇక్కడ లేదు, మధ్యలో ఏ అంకె అయినా ఇవ్వొచ్చు.

కానీ ఆ వాదన వినాల్సింది ఎవరు? ఆ ఆటగాడే. ఇక్కడే నేను మార్కులు కోశాను. 2023లో బోస్టన్ గోలీ (గోల్‌కీపర్) జెరెమీ స్వేమన్ 48 లక్షల డాలర్లు అడిగాడు, క్లబ్బు 20 లక్షలంది, ఒక్క ఏడాదికి 34.75 లక్షలని తీర్పు. అంతకుముందు సీజన్‌లో అతనూ క్లబ్బు మరో గోలీ లైనస్ ఉల్‌మార్కూ కలిసి లీగ్‌లోనే అతి తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోలీలుగా జెన్నింగ్స్ ట్రోఫీ గెలిచారు, అయినా సొంత క్లబ్బే నువ్వు అంత చేయవు అని వివరంగా చెబుతుంటే కూర్చుని వినాలి. ఇంకెప్పుడూ ఆ గదిలోకి వెళ్లనని, తన స్నేహితులెవరికీ ఆ పరిస్థితి రాకూడదని తర్వాత అతనే చెప్పాడు. మరుసటేడు దరఖాస్తు పెట్టలేదు, ట్రైనింగ్ క్యాంపుకీ రాలేదు, చివరికి అక్టోబర్‌లో ఎనిమిదేళ్లకి 6.6 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కుదిరింది. రెండు వేసవుల్లో ఏది క్లబ్బుకి ఖరీదైందో చూడండి. 1990ల్లో న్యూయార్క్ ఐలాండర్స్ క్లబ్బు గోలీ టామీ సాలో తన మేనేజర్ మైక్ మిల్‌బరీ విమర్శలు విని కన్నీళ్లతో బయటికొచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇలాంటివి చదివితే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ మనిషి సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్లి వాళ్ల కోసమే ఆడాలి కదా.

గెలిచినా గ్యారంటీ లేదు. ఆటగాడు కోరిన ఆర్బిట్రేషన్‌లో అంకె ఒక పరిమితి దాటితే క్లబ్బు మాకొద్దని తప్పుకోవచ్చు, లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2013లో కుదిరిన ఒప్పందంలో ఆ పరిమితి 35 లక్షల డాలర్ల దగ్గర మొదలైంది, సగటు జీతంతో పాటు పెరుగుతుంది. అంతకుముందు, 2010లో, షికాగోకి లీగ్ ఛాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ గెలిపించిన గోలీ ఆంటీ నియెమీకి 27.5 లక్షలు వస్తే క్లబ్బు వదిలేసుకుంది, అతను శాన్ హోసేకి 20 లక్షలకే వెళ్లాడు. కప్పు కొట్టిన వేసవిలోనే! దీనికి పూర్తి వ్యతిరేకం షే వెబర్. 2011లో నాష్‌విల్ క్లబ్బే అతన్ని ఆర్బిట్రేషన్‌కి తీసుకెళ్లింది, క్లబ్బు 47.5 లక్షలంటే తీర్పు ఒక్క ఏడాదికి 75 లక్షలని వచ్చింది. క్లబ్బు తనే కోరితే తప్పుకునే వీలు ఉండదు.

కాబట్టి ఎవరైనా కుర్రాడు అడిగితే దరఖాస్తు తప్పకుండా పెట్టమనే చెబుతాను, కాకపోతే విచారణకి ముందు రాత్రి దాకా ఏజెంట్‌ని బేరం ఆపొద్దనమంటాను, సొంతంగా అనుకున్న అంకెకి కాస్త తక్కువొచ్చినా ఒప్పుకోమంటాను. ఒకప్పుడు విచారణ అయ్యాక కూడా తీర్పు వచ్చేలోపు ఇద్దరూ మాట్లాడుకుని సెటిల్ చేసుకునే వీలుండేది. 2020లో ఆ లీగ్-ఆటగాళ్ల ఒప్పందం పొడిగించినప్పుడు దాన్ని తీసేశారు, విచారణ మొదలైందంటే ఇక తీర్పే. గదిలో అన్ని మాటలు పడ్డాక ఆ 48 గంటలే రెండు వైపులా చల్లబడే టైం, ఆ వెసులుబాటు తిరిగి ఇస్తే నా రేటింగ్‌కి ఇంకో అర స్టార్ కలుపుతాను.