గుణదల మాత కొండ: రద్దీ లేని రోజున ఒక్కసారి వెళ్లి రండి

విజయవాడలోనే పుట్టి పెరిగినా గుణదల కొండకి నేనెప్పుడూ ఫిబ్రవరి తిరునాళ్లకే వెళ్లేదాన్ని. 9, 10, 11 తేదీల్లో ఇసకేస్తే రాలనంత జనం, మరియమాత ముఖం కళ్లారా చూసేలోపే వెనకవాళ్ల తోపులాట. ఈసారి మామూలు మంగళవారం, పొద్దున్నే ఆరున్నరకి వెళ్లాను. మొక్కు తీర్చుకోవడానికి కాదు. మా అమ్మ పోయి ఏడాదైంది, ఇంటి వాటాల దగ్గర అన్నయ్యతో మాటలు తెగిపోయాయి, ప్రార్థనకి కూర్చుంటే నోట్లోంచి ఒక్క మాట రావట్లేదు, ఇంట్లో ఉండలేక వెళ్లాను.

కింద చర్చి, కొండ మధ్యలో గుహలో మరియమాత, పైన సిలువ. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పేదింటి పిల్లకి మాత కనిపించింది గుహలోనే, అందుకే ఇక్కడా గుహ. 1924లో అర్లాటి ఫాదర్ ఈ విగ్రహం పెట్టారు. కొబ్బరికాయ కొడతారు, తలనీలాలిస్తారు, నీది ఏ మతం అని ఎవరూ అడగరు. నాకు చాలా నచ్చేది ఇదే.

గుహ ముందు కూర్చోగానే ఏడుపు ఆగలేదు. పక్కన ఒక ముసలావిడ, అప్పుడే కొట్టిన కాయ, చిప్ప అంచున ఇంకా నీళ్లు కారుతున్నాయి. ముక్క తీసి నా చేతిలో పెట్టి, "తిను తల్లీ, ఖాళీ కడుపున ఏడవకు" అంది. ఎవరు, ఎందుకు అని ఒక్క ప్రశ్న లేదు. దేవుడు మన యోగ్యత చూడకుండా ప్రేమిస్తాడని చిన్నప్పటి నుంచి ప్రసంగాల్లో వింటూనే ఉన్నాను, ఆ ముక్క నములుతుంటే మొదటిసారి నమ్మాను. అప్పుడు ప్రార్థన దానంతటదే వచ్చింది.

పైదాకా ఎక్కేవాళ్లు నీళ్ల సీసా పెట్టుకోండి, ఎండాకాలమైతే ఎనిమిదిలోపు దిగిపోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు గుహ దగ్గరే ఆగిపోవచ్చు.

ఆవిడ వెళ్తూ మిగిలిన చిప్ప కూడా నాకే ఇచ్చేసింది. ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదు. ఇంటికి పోకుండా బస్టాండుకెళ్లి గుంటూరు బస్సెక్కాను. తలుపు తీసింది అన్నయ్యే. "గుణదల వెళ్లొచ్చాను అన్నయ్యా" అని చిప్ప చేతికిచ్చాను. చాలాసేపు దాన్నే చూసి, "అమ్మ తీసుకెళ్లినప్పుడు సగం మెట్లు నా వీపు మీదే ఎక్కావు" అన్నాడు. వాటాల సంగతి ఆ రోజు ఎవరమూ ఎత్తలేదు. వదిన ఆ కొబ్బరితోనే పచ్చడి నూరింది, ముగ్గురం కలిసి తిన్నాం.